బాదం పెంకుల బూడిద

ఆ ఆకు పేరు నేను చెప్పను. మీరెంత మంచివాళ్లైనా సరే, చెప్పను. ఒకసారి మా ఇంట్లో ఒకరికి చెప్పినందుకు ఏమైందో చెప్పడానికే కూర్చున్నాను కాబట్టి ఆ ఒక్కటీ అడక్కండి. మా కొండల పైన, మంచు కరిగాక చెమ్మ నిలిచే రాతి పగుళ్లలో మొలుస్తుంది. అంతవరకు చాలు.

ఆ ఆకును మేక నెయ్యిలో కాచి లేపనం చేస్తాం. మానని పుండుకు అది మందు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ల కాళ్లకు మరీ మంచిది. మా జబాలియా తెగలో ఆ మందు మా అమ్మ చేసేది. పెద్దకొడుకు పేరుతో అందరూ ఆమెను ఉమ్ ముసైద్, అంటే ముసైద్ తల్లి, అనేవారు. ఆమె పోయాక నేను చేస్తున్నాను. మందుతో పాటు దానికో కట్టుబాటు ఉంది. వేలు పుండు మీద పెట్టకముందే, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో వరుసగా చెప్పాలి. "నేను గనీమాను. మా అమ్మ దగ్గర తీసుకున్నాను. మా అమ్మ తన మేనత్త సబ్హా దగ్గర తీసుకుంది. సబ్హా తన తల్లి దగ్గర తీసుకుంది..." అలా నాతో కలిపి తొమ్మిది పేర్లు. ఒక్క పేరు మింగేసినా, లేని పేరు కలిపినా మందు పట్టదంటారు. నమ్మకమా నిజమా అని నన్ను అడక్కండి. నేనెప్పుడూ తప్పి చూడలేదు.

ఈ వేసవిలో మాత్రం ఆ వరుస దగ్గరే నా బుర్ర తిరిగిపోయింది.

నేరేడు రంగు కారులో నజ్లా వచ్చిన రోజు మేము అప్రికాట్లు చీల్చి ఎండబెడుతున్నాం. నజ్లా కైరో వకీలు. ముప్పై ఏళ్ల పిల్ల. తెగల హక్కుల కోసం కొట్లాడేవాళ్లలో ఒకతె. మా ముసైద్ అన్నయ్య వాకిట్లో చాప మీద కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా సంచిలోంచి కాగితాలు తీసింది.

"పిన్నీ, సముద్రం అవతల ఒక కంపెనీ మీ లేపనం మీద హక్కు రాయించుకుంది. ఇప్పుడు మన దేశంలోనూ అదే హక్కు కావాలని అడుగుతోంది. ఇస్తే గనక, ఆ పద్ధతిలో మందు చేసి ఎవరు బజారులో పెట్టినా వాళ్ల అనుమతి ఉండాలి. చివరికి మీరైనా సరే."

"మా కొండ మీది ఆకుకా?" అన్నాడు అన్నయ్య.

"ఆకుకు కాదు మామయ్యా. కాచే పద్ధతికి."

మా వదిన హిలాలా కత్తి కింద పెట్టింది. "బాగుంది సంబడం! రేపు మేకను పితకాలన్నా వాళ్లకు అర్జీ పెట్టుకోవాలి కాబోలు."

"నువ్వు కాసేపు ఊరుకోవే," అన్నాడు అన్నయ్య. ఆయన కుడికాలు దిండు మీద ఉంది. బొటనవేలి కింద పుండు. రెండు నెలల నుంచి నేను రాస్తూనే ఉన్నాను. మానడం లేదు. పట్నం ఆసుపత్రిలో చూపిస్తే ఇంకో నెల చూసి వేలు తీసేయాలన్నారు. ఆకు వానల్లేక వడిలిపోయిందని, నెయ్యి కల్తీ అని నేను ఒకటే గొణుగుతున్నాను.

నజ్లా కాగితం చదివింది. ఆకును నీడలో మూడు రోజులు ఆరబెట్టాలి. అవును. రాతి రోట్లో దంచాలి. అవును. మేక నెయ్యిలో సన్న సెగ మీద కాచాలి. అవునవును. తల్లి పుట్టిల్లు మేనమామకు తెలియదా, మా మందు మాకే చదివి వినిపిస్తోంది అనుకుని తలాడిస్తున్నాను. "కాల్చిన బాదం పెంకుల బూడిద ఒక పాలు కలపాలి," అని చదివింది.

నేను పకపకా నవ్వేశాను. అందరూ నావైపు చూశారు. చేతిలో అప్రికాట్ నలిగి రసం మోచేతి దాకా కారింది.

"ఏమయింది పిన్నీ?"

"ఏం లేదు," అన్నాను. కానీ నోట్లో మాట దాచుకోవడం నాకు పుట్టుకతో రాలేదు. మా వదిననే అడగండి.

"ఈ పద్ధతి మేమే కనిపెట్టాం అంటున్నారు వాళ్లు," అంది నజ్లా. "ఆకు మాత్రం కొండ మీద కోసుకున్నారట. ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదట. వాళ్ల పరిశోధనకు పెద్ద, డాక్టర్ సుహైర్, అలాగని సంతకం పెట్టింది."

సుహైర్! ఆ మనిషి నాకు తెలుసు. ఇరవై అయిదేళ్లయింది. అప్పుడింకా డాక్టరు కాదు, మొక్కలు చదువుకునే పిల్ల. మా ఇంట్లో మూడు రోజులుంది. మా పొయ్యి దగ్గర మా రొట్టె తింది. అతిథి వచ్చిన పని మూడు రోజుల దాకా అడగకూడదు కాబట్టి మేము అడగలేదు. ఆమే రెండో రోజు సాయంత్రం అడిగింది. "అమ్మా, ఆ లేపనం ఎలా చేస్తారు?"

బయటివాళ్లు అడిగితే మా ఆడవాళ్లు మర్చిపోయామంటారు. ముసలిదాన్ని అంటారు, ఒంటె పారిపోయిందంటూ లేచి వెళ్లిపోతారు. కానీ సొంత పొయ్యి దగ్గర, మన ఉప్పు తిన్న అతిథికి లేదనడం ఎలా? అమ్మ ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టింది. నేను మంట ఊదుతున్నాను. ఆరబెట్టడం, దంచడం, నెయ్యి, అంతా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆఖర్న బాదం పెంకుల బూడిద అంది. నేను చటుక్కున తలెత్తాను. నాకు అమ్మ నేర్పిన మందులో బూడిద లేదు. అమ్మ నావైపు చూడకుండా నా కాలివేలు తొక్కింది.

నాకు అర్థమైపోయింది. లేదనకుండా, ఉన్నదీ ఇవ్వకుండా, పిడికెడు అబద్ధం కలిపి పంపిస్తోంది. ఆ రాత్రంతా దుప్పట్లో నవ్వుకున్నాను. మరుసటి నెలలో నా పెళ్లి. తీరంలో ఉండే వేరే తెగ, ముజైనా వాళ్లింటికి కోడలిగా వెళ్లిపోయాను. తొమ్మిదేళ్లకు పిల్లాజెల్లా లేకుండా, మొగుణ్ణి మట్టిలో పెట్టి తిరిగొచ్చేసరికి అమ్మ పోయి మూడేళ్లయింది. మందు అప్పటినుంచీ నా చేతిలో ఉంది.

ఈ కథంతా నజ్లాకు చెప్పేశాను. మా అన్నయ్య ఎదురుగానే. ఆలోచన ఉంటే కదా!

నజ్లా ఎగిరి గంతేసింది. "పిన్నీ! ఇదే సాక్ష్యం! పరీక్షలో పక్కవాడి తప్పు కూడా ఎత్తి రాసినవాడు దొరికిపోతాడు చూడండి, అలాగే. మీ అమ్మ కావాలని చెప్పిన తప్పు అక్షరాలా వాళ్ల కాగితంలో ఉంది. ఎవరూ చెప్పకపోతే ఆ బూడిద ఎక్కడినుంచి వచ్చింది? మీ మాట ఇదిగో రాశాను. వేలిముద్ర వెయ్యండి, రేపే దాఖలు చేస్తాను."

"వెయ్యదు," అన్నాడు అన్నయ్య.

"మామయ్యా..."

"మా అమ్మ అతిథికి అబద్ధం చెప్పిందని కైరోలో పదిమంది ముందు చదువుతారా? కనుమ మీదికి చూడమ్మా, అటు చూడు. ఆ తెల్లగుడ్డ ఎవరిదో తెలుసా?"

కొండ కనుమ మీద కర్రకు కట్టిన తెల్లగుడ్డ మా వాకిట్లోకి కనబడుతూనే ఉంటుంది. అతిథిని ప్రాణంగా చూసుకున్నవాళ్లకు మా దగ్గర తెల్లజెండా ఎత్తుతారు. మంచు తుఫానులో చిక్కుకున్న పదకొండు మందిని అమ్మ నెలరోజులు సాకింది. తన మేకలన్నీ కోసి పెట్టింది. ఆ తెగవాళ్లు ఇప్పటికీ ఏటా వచ్చి గుడ్డ మారుస్తారు. అతిథిని మోసం చేసినవాళ్లకు ఎత్తేది నల్లగుడ్డ. అది దిగదు. మనవల పెళ్లిళ్లు కూడా దాని కిందే ఆగిపోతాయి.

"అన్నా, మందు పోతుంటే గుడ్డ పట్టుకుని కూర్చుంటావా?" అన్నాను.

"నువ్వు ముజైనా వాళ్లింట్లో తొమ్మిదేళ్లు తిన్నావు. నీకు ఆ గుడ్డ విలువ ఏం తెలుస్తుంది?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నజ్లా చేతిలో కాగితం లాక్కుని, అప్రికాట్ రసం అంటిన బొటనవేలు సిరాలో ముంచి టక్కున గుద్దేశాను. అన్నయ్య లేచి, ఆ పుండుకాలితోనే కుంటుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి నాతో మాట లేదు. మందు రాయించుకోవడానికి కాలు మాత్రం చాపేవాడు, మొహం గోడవైపు పెట్టుకుని.

విచారణ నెల రోజుల్లో. మొదటి వారం గర్వంగానే తిరిగాను. రెండో వారంలో మా వదిన పిండి జల్లించుకుంటూ నా దగ్గర కూర్చుంది.

"నీకో మాట చెప్తాను, కొట్టకూడదు."

"చెప్పి చూడు."

"అత్తమ్మ ఆ పిల్లకు అబద్ధం చెప్పిందని నీకెవరు చెప్పారు?"

"నా వేలు తొక్కింది కదా!"

"వేలు తొక్కితే నోరు మూసుకోమని. అంతేగానీ, ఇది అబద్ధం అని వేలి మీద రాసుంటుందా?" జల్లెడ ఆపింది. "మందు అత్తమ్మ చేసినప్పుడు పదిహేను రోజుల్లో పుండ్లు మూసుకునేవి. నువ్వు చేస్తే నెలలు పడుతోంది. వాన లేదంటావు, నెయ్యి బాలేదంటావు. పదహారేళ్ల నుంచి వానా నెయ్యీ నీ మీదే పగబట్టాయా?"

"అంటే ఏంటి నీ ఉద్దేశం? అమ్మ నన్ను మోసం చేసి పరాయిదానికి నిజం చెప్పిందా?"

"నాకేం తెలుసమ్మా. నా మొగుడి వేలు తెగిపోతుందని తెలుసు. పిడికెడు బూడిదేగా, వేసి చూడు. చచ్చిపోతామా?"

తిట్టాను. వదిన మళ్లీ పిండి జల్లించుకుంది. మామూలుగా నేనొకటంటే పదంటుంది. ఈసారి ఆ జల్లెడ చప్పుడే నన్ను లేపింది. తోట మూల పాత బాదం పెంకులు ఏరి కాల్చి, బూడిద చేసి, నెయ్యి కాగుతుండగా పిడికెడు వేశాను. రంగు మారింది. అమ్మ మందు రంగు అది. చిన్నప్పుడు చూసిన ఆ పాలిపోయిన ఆకుపచ్చ. నేను చేసే మందు ఎప్పుడూ ముదురుగా వచ్చేది. వయసు మీద పడి కళ్లకు అలా కనబడుతోందేమో అనుకునేదాన్ని.

అన్నయ్య కాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పేర్లు చెప్పాలి. "నేను గనీమాను. మా అమ్మ దగ్గర..." అక్కడ నాలుక మడతపడింది. అమ్మ దగ్గర తీసుకున్నానా? అమ్మ నాకిచ్చిన దాంట్లో బూడిద లేదే! కాగితం దగ్గర తీసుకున్నాననాలా? చివరికి ఏదో గొణిగి రాసేశాను. నాకే వినబడలేదు.

తొమ్మిదో రోజుకు పుండు అంచులు తెల్లబడ్డాయి. పన్నెండో రోజుకు తడి ఆరింది. వదిన ఆ కాలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాకపోతే మా ఇద్దరి ఏడుపూ ఒకటి కాదు.

అన్నయ్య గోడవైపునుంచి మొహం తిప్పాడు. వేలిముద్ర వేసిన నాటి నుంచి నాతో మొదటి మాట. "అయితే అమ్మ అబద్ధం చెప్పలేదు."

"చెప్పలేదు."

"అల్లా దయ! వెళ్లి అదే చెప్పు. అతిథికి ఉన్నదంతా ఇచ్చిందని చెప్పు."

"మరి నాకు?"

అన్నయ్య కనుమ మీది గుడ్డకేసి చూశాడు.

కైరో వెళ్లే దారంతా నజ్లాకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని కొట్టుమిట్టాడాను. చెప్పాను. కారు రోడ్డు పక్కన ఆపేసి స్టీరింగ్ మీద తల పెట్టుకుంది.

"ఎందుకు చేశారు పిన్నీ ఆ పరీక్ష? ఇప్పుడు మన కేసు అంతా ఆ బూడిద అబద్ధం అన్నదాని మీదే ఉంది. బూడిద నిజమైతే, అది మీ తెగలో ఎవరూ వాడటం లేదు కాబట్టి వాళ్ల సొంత కొత్త పద్ధతే అంటారు. మీకు ఆ రోజు ఏమనిపించిందో అంతవరకే చెప్పండి. అది అబద్ధం కాదుగా."

అది అబద్ధం కాదు, నిజమే. అన్నయ్య చెప్పమన్నదీ నిజమే. ఒక నిజం చెబితే మందు నిలుస్తుంది, అమ్మ మీద నల్లగుడ్డ లేస్తుంది. ఇంకో నిజం చెబితే అమ్మ నిలుస్తుంది, మందు పోతుంది. నేను మాత్రం రెండింట్లోనూ తల్లి నమ్మని కూతురినే. ఏం చెయ్యాలో పాలుపోలేదు. దారిలో నజ్లా కొనిపెట్టిన బీన్స్ రొట్టె చేతిలోనే ఎండిపోయింది.

కైరోలో ఆ హక్కులిచ్చే ఆఫీసులో అయిదుగురు కూర్చున్నారు. నడిమధ్య కూర్చున్న పెద్దాయనకు నిద్ర చాలనట్టుంది. ఎదుటి బల్ల దగ్గర కంపెనీ వకీలు, ఆయన పక్కన సుహైర్. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టి, పట్టనట్టు కళ్లజోడు తుడుచుకుంది. మా వెనకే బస్సులో వచ్చిన అన్నయ్య నా వెనక కుర్చీలో కట్టు కట్టిన కాలితో కూర్చున్నాడు.

పెద్దాయన నా వేలిముద్ర ఉన్న కాగితం ఎత్తి చూపించాడు. "అమ్మా, బాదం పెంకుల బూడిద అబద్ధమని, మీ తల్లి అతిథికి కావాలని తప్పు చెప్పిందని ఇందులో ఉంది. ఇది మీ మాటేనా?"

నజ్లా నా చెయ్యి నొక్కింది. వెనకనుంచి అన్నయ్య దగ్గాడు.

"నా మాటే," అన్నాను. "ఆ రోజు అంతే తెలుసు. ఇప్పుడు కాదు. మా అమ్మ అబద్ధం చెప్పలేదు. ఆవిడ చెప్పిందే అసలు మందు. నేను పదహారేళ్లుగా చేస్తున్నదే సగం మందు. మా అన్న కాలు చూడండి, తెలుస్తుంది."

నజ్లా చెయ్యి నా చేతిమీదనుంచి జారిపోయింది. కంపెనీ వకీలు అప్పటికే లేచి నిలబడ్డాడు. "సాక్షి మాట మార్చింది. పైగా వీళ్ల తెగలో బూడిద వాడినవాళ్లే లేరని తనే ఒప్పుకుంది. అంటే పద్ధతి మాదే."

"మా అమ్మ వాడింది!" అన్నాను గట్టిగా.

"మీరు చూశారా?"

"లేదు. కాచేటప్పుడు మమ్మల్ని నీళ్లకు పంపించేసేది."

"మరి ఎవరు చూశారు?" అన్నాడు పెద్దాయన.

చూసినవాళ్లు ఎవరో నాకు అప్పుడే తట్టింది. అమ్మ చెప్పింది రెండో రోజు. మూడో రోజు పొద్దున కూడా నన్ను నీళ్లకు పంపింది. నేను తిరిగొచ్చేసరికి ఇంటినిండా కాగిన నెయ్యి వాసన. సుహైర్‌కేసి చూశాను. ఆమె తల వంచుకుంది.

"ఒకరు చూశారు," అన్నాను. "కానీ పేరు నేను చెప్పను. మా ఇంట్లో తిన్న మనిషిని నిలదీయడం మా అమ్మ నేర్పలేదు."

"పిన్నీ, చెప్పండి!" అని పళ్ల బిగువున అంది నజ్లా.

"చెప్పను."

పెద్దాయన నిట్టూర్చాడు. "సరే. ఆ బూడిద ఎప్పుడు, ఎలా వెయ్యాలో అదైనా తెలుసా?"

"తెలుసు. నెయ్యి కాగుతుండగా పిడికెడు."

"కాదు," అంది సుహైర్.

అందరూ అటు తిరిగారు. ఆమె నన్నే చూస్తోంది, వంటింట్లో తప్పు చేసిన పిల్లను చూసినట్టు. "కాగుతుండగా వేస్తే సగం గుణం పోతుంది. దించాలి. వేలు పెట్టగలిగేంత చల్లారాక వెయ్యాలి. ముందు జల్లించాలి. ఆమె తన ముసుగు అంచు మడిచి, అందులోంచే..." అని ఆగిపోయింది.

కంపెనీ వకీలు ఆమె మోచేయి పట్టుకున్నాడు. ఆమె ఆ చేతిని నెమ్మదిగా తీసేసింది.

"ఆమె అంటే ఎవరు?" అన్నాడు పెద్దాయన. ఇప్పుడాయన కళ్లలో నిద్ర లేదు.

"ఉమ్ ముసైద్," అంది సుహైర్. "మూడో రోజు పొద్దున. ఈవిడ నీళ్లకు వెళ్లినప్పుడు. నేను దగ్గర కూర్చుని చూశాను. నా సంతకం... అది తప్పు."

నజ్లా నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. గెలిచామని అంటోంది. వెనక అన్నయ్య ఏదో ప్రార్థన చదువుతున్నాడు. నాకివేమీ ఎక్కడం లేదు. అతిథిని అడగకూడదు. అడగకూడదని నేనే అన్నాను. అయినా అడిగేశాను.

"నాకెందుకు చెప్పలేదో అమ్మ మీతో ఏమైనా అందా?"

సుహైర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అంది. 'పిల్ల ముజైనా వాళ్లింటికి పోతోంది. అక్కడ ఆడపిల్లను కంటుంది. దానికి చెబుతుంది. మందు కొండ దిగిపోతుంది' అంది."

"మరి మీకెందుకు చెప్పినట్టు?"

"నేనూ అదే అడిగాను. 'నువ్వు నా ఉప్పు తిన్నావు, నోరు తెరిచి అడిగావు. నీకు లేదనలేను. కూతురంటావా, అది నాదేగా, దానికి తక్కువ పెట్టినా పడుతుంది' అంది."

కొండ దిగిపోతుందని నాకు చెప్పలేదట. సముద్రం దాటింది. ఆ మాట గట్టిగానే అన్నాను, ఎవరికి చెప్పానో తెలియదు. నవ్వొచ్చింది. పక్కన ఎవరో నీళ్ల గ్లాసు పెట్టారు.

కంపెనీకి హక్కు ఇవ్వడం ఆపేశారు. తుది తీర్పుకు ఇంకా ఏడాది పడుతుందని, కానీ ఇక భయం లేదని నజ్లా చెప్పింది. ఈలోగా మందును మా తెగ పేరు మీద నమోదు చెయ్యాలని, ఇంకెవరూ చెయ్యి వెయ్యకుండా ఉంటుందని ఓ ఫారం తెచ్చింది. అందులో ఆకు పేరు రాయాల్సిన గడి ఒకటి ఉంది. రాసిన పేరును ఆఫీసు పెట్టెలో తాళం వేసి ఉంచుతారట. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగితే నీళ్లు నమిలింది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. దాని పక్క గడి దగ్గర నజ్లా ఆగింది. "ఈ జ్ఞానం ఎవరినుంచి ఎవరికి వచ్చింది? వరుస రాయాలి పిన్నీ. మీ అమ్మ, తరవాత మీరు. అంతేగా?"

"అలా రాయకు. ఇంటికెళ్లాక చెబుతాను," అన్నాను.

ఇంటికొచ్చాక వదిన పెంకులు కాల్చి పెట్టింది. ఈసారి నెయ్యి దించాను. వేలు పెట్టి చూశాను. నా ముసుగు అంచు మడిచి అందులోంచి బూడిద జల్లించాను. నల్లగుడ్డలోంచి తెల్లటి పొడి మెత్తగా రాలింది. అమ్మ ముసుగు అంచు ఎప్పుడూ ఎందుకు బూడిదరంగుగా ఉండేదో అప్పుడు తెలిసింది.

అన్నయ్య కాలు చాపాడు. పుండు కందిగింజంత మిగిలింది. నజ్లా ఫారం ఒళ్లో పెట్టుకుని కలం పట్టుకుంది. పేర్లు చెప్పాలి. తప్పు పేరు చెబితే మందు పట్టదు.

"నేను గనీమాను," అన్నాను. "ఈ మందు సుహైర్ దగ్గర తీసుకున్నాను."

వదిన చేతిలో గిన్నె ఆగిపోయింది. అన్నయ్య నా మొహంలోకి చూశాడు, కానీ కాలు వెనక్కి లాక్కోలేదు. నజ్లా రాయకుండా అలాగే ఉండిపోయింది.

"రాయి," అన్నాను. "సుహైర్ మా అమ్మ దగ్గర తీసుకుంది. మా అమ్మ తన మేనత్త సబ్హా దగ్గర తీసుకుంది. సబ్హా తన తల్లి దగ్గర..."

నిన్నటిదాకా తొమ్మిది పేర్లు. ఇప్పుడు పది. అన్నీ చెప్పడం అయ్యాక వేలు పుండు మీద పెట్టాను.